గమ్యస్థానము చేరితిరి

మైలురాళ్ళ సంరక్షణ శాఖ జిల్లా కార్యాలయంలో సీనియర్ సహాయకుడు గవర్రాజు. అతని ఇల్లు ఆఫీసుకి ఎదురుగా ఉంది. ఎదురుగా అంటే నిజంగానే ఎదురుగా. మధ్యలో హైవే, హైవే మధ్యలో డివైడరు, డివైడరు మీద ఇనుప కంచె, ఆ కంచెలో సరిగ్గా ఆఫీసు గేటు ముందర ఊచలు విరిగి ఏర్పడిన ఒక సందు. ఊచలు ఎవరు విరిచారో శాఖకి తెలియదు. తెలుసుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు, ఎందుకంటే టీ కొట్టు అవతలివైపు ఉంది.

ఒంటిగంట కాగానే గవర్రాజు ఆ సందులోంచి ఇంటికి వెళ్ళి, భార్య సుభద్రతో కలిసి అన్నం తిని వచ్చేవాడు. పెళ్ళయి శాఖవారి క్వార్టరులో కాపురం పెట్టినప్పటి నుంచీ అదే అలవాటు. మొన్న వేసవిలో ఆవిడ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను బాగానే జరిగింది గాని, మంచం మీంచి కుర్చీలోకి రావాలంటే ఒకరు పట్టుకోవాలి. వంటమనిషి పొద్దున్నే వండేసి, ఆవిణ్ణి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం గవర్రాజు వెళ్ళి, వడ్డించి, ఎదురుగా కూర్చుంటేనే ఆవిడ ముద్ద ఎత్తేది. ఆ గంట దూరమవుతుందనే అతను వేరే ఊరికి వచ్చిన ప్రమోషన్ వద్దన్నాడు. అందుకు అతను ఎప్పుడూ బాధపడలేదు.

ఇలా ఉండగా శాఖకి ఒక చిక్కు వచ్చింది. రోడ్ల పక్కన ఎండకీ వానకీ మైలురాళ్ళు పాడైపోతున్నాయని గమనించిన శాఖ, సంరక్షణ తన ధర్మం గనుక, జిల్లాలో ఉన్న రాళ్ళన్నిటినీ పెకలించి గోడౌనులో పెట్టి తాళం వేసింది. రాళ్ళు చాలా బాగున్నాయి. కాని రాళ్ళు తనిఖీ చెయ్యడానికి వెళ్ళిన సిబ్బంది, దారి చెప్పే రాళ్ళు లేక, ఎక్కడెక్కడికో పోతున్నారు. కనుక సిబ్బంది దైనందిన ప్రయాణాలకి ఉపగ్రహం సాయంతో దారి చూపే పరికరం కొనాలని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది.

ఏ పరికరం కొనాలో తేల్చే సంఘానికి గవర్రాజుని అధ్యక్షుణ్ణి చేశారు. ఎందుకు చేశారో జిల్లా అధికారి పరాంకుశం గారు స్వయంగా వివరించారు.

"మీకు ప్రయాణం అనేది లేదు. రోడ్డు దాటితే ఆఫీసు. ప్రయాణం చేసేవాడికి ప్రయాణం మీద పక్షపాతం ఉంటుంది. మీకు ఆ దోషం లేదు."

గవర్రాజు కొంచెం పొంగిపోయాడనే చెప్పాలి.

ఎంపిక రోజున హిమబిందు అనే అమ్మాయి, పరికరాలు అమ్మే కంపెనీ తరపున వచ్చింది. మూడు రకాల డబ్బాలు బల్ల మీద పెట్టింది. అన్నీ మెడలో వేసుకోవడానికి పట్టీలున్నవే. వినయంగా, ఓపికగా మాట్లాడింది. "రోజూ ఆఫీసుకి రావడానికీ పోవడానికీ అయితే ఇవేం అక్కర్లేదండి, మీ ఫోన్లోనే ఉచితంగా దారి చూపిస్తుంది" అని నిజం కూడా చెప్పేసింది.

"ఉచితంగా వచ్చినదానికి బాధ్యత ఎవరు వహిస్తారు?" అన్నారు పరాంకుశం గారు. సంఘానికి ఆయన సలహాదారు.

మొదటి డబ్బా ఎంత దూరమైనా మూడు దారులు చూపించి, ఏది కావాలో ఎంచుకోమంది. పరాంకుశం గారు దాన్ని వెంటనే పక్కకి తోసేశారు. ఉద్యోగికి ఎంచుకునే అవకాశం ఇస్తే విచక్షణ వస్తుంది, విచక్షణ వస్తే విచారణ వస్తుంది అన్నారు. రెండో డబ్బా, మనం దారి తప్పితే ఏమీ అనకుండా కొత్త దారి వెతికి చూపించింది. ఆయన దానివంక చాలాసేపు చూశారు.

"ఒకసారి తీసుకున్న నిర్ణయాన్ని పై అధికారి అనుమతి లేకుండా ఇది ఎలా మార్చుకుంది?"

"అది దాని పనేనండి" అంది హిమబిందు.

"ప్రభుత్వంలో అలా కుదరదమ్మా."

మూడో డబ్బా ఒకే దారి చూపిస్తుంది. ఆ దారి తప్పితే, తప్పిన చోటికి తిరిగి వచ్చేదాకా అరుస్తూనే ఉంటుంది. గ్రాంథికంలో మాట్లాడుతుంది కూడా. పాత రకమనీ, ఇప్పుడెవరూ కొనడం లేదనీ, లెక్క కోసం తెచ్చాననీ హిమబిందు చెబుతూనే ఉంది. పరాంకుశం గారు కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఇందులో పరిపాలనా దక్షత కనిపిస్తున్నది" అన్నారు.

"నడిచేవాళ్ళకి విడిగా నడకదారి కూడా పెట్టించుకోవచ్చండి" అంది ఆ అమ్మాయి.

"నడకకి భత్యం లేదు. భత్యం లేనిది ప్రయాణం కాదు. తీసెయ్యండి."

అప్పటికి ఒంటిగంటయింది. గవర్రాజు చూపు కిటికీలోంచి అవతలికి పోయింది. సుభద్ర తమ కిటికీ దగ్గర కూర్చుని ఇటే చూస్తోంది. రెండో డబ్బా బాగుందని అతనికి అనిపించింది. అనిపించినది చెబితే రెండింటిదాకా చర్చ సాగుతుందని కూడా అనిపించింది. సంతకం పెట్టేసి, సందు దాటి ఇంటికి పోయాడు. ఆ పూట వంకాయ కూర.

డబ్బాలు వచ్చాయి. వాటి వెనకే ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగులు ఇంటి నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి ఇంటికీ డబ్బా చూపిన దారిలోనే ప్రయాణించాలి. డబ్బా "గమ్యస్థానము చేరితిరి" అంటేనే హాజరు పడుతుంది. ఎవరు ఎక్కడున్నారో పరాంకుశం గారి గదిలో ఒక తెర మీద చుక్కలుగా కనిపిస్తుంది. కార్యాలయం అనగా, డబ్బా చేరితిరి అని చెప్పిన స్థలం.

మర్నాడు పొద్దున్న గవర్రాజు డబ్బా మెడలో వేసుకుని గేటు బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న ఆఫీసు వైపు అడుగు వేశాడు.

"ఎడమ వైపునకు మరలుము" అంది డబ్బా.

నడకదారి తీసేసిన డబ్బాకి మనిషీ లారీ ఒకటే. లారీ డివైడరు దాటలేదు. కాబట్టి ఎడమకి తిరిగి, సంత దాటి, రైలు గేటు దాటి, పంచదార ఫ్యాక్టరీ అవతల ఫ్లైఓవరు కింద వెనక్కి తిరిగి, మళ్ళీ అంత దూరమూ రావాలి. గవర్రాజు ఒక షేర్ ఆటో పట్టుకుని, అది రైలు గేటు దగ్గర ఆగిపోతే ఇంకొకటి పట్టుకుని, చెమటలు కక్కుతూ ఆఫీసుకి చేరాడు. డబ్బా "గమ్యస్థానము చేరితిరి" అంది. ఆలస్యంగా వచ్చినందుకు పరాంకుశం గారు మందలించారు.

"దూరం నుంచి వచ్చేవారు పెందలాడే బయల్దేరాలి."

ఒంటిగంటకి గవర్రాజు లేచాడు. డబ్బా ఇంటికి దారి చూపింది. ఇటువైపు నుంచి వెనక్కి తిరిగే చోటు ఊరి రెండో చివర ఉంది. వెళ్ళి రావడానికే భోజనం గంట చాలదు. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అవతల సుభద్ర చెయ్యి ఊపింది. ఇతనూ ఊపాడు. ఫోను మోగింది.

"రావట్లేదేంటండీ? పులుసు చల్లారిపోతోంది."

"దారి లేదు సుభద్రా."

"కనిపిస్తున్నారు కదండీ."

"కనిపిస్తే సరిపోదుట."

అటెండరు నూకరాజు ఇది చూసి నొచ్చుకున్నాడు. "నేనెల్లి అమ్మగారికి వడ్డించి రానా బాబూ?" అన్నాడు. కాని నూకరాజు మెడలోనూ డబ్బా ఉంది.

రోజూ పక్కవీధి నుంచి టైపిస్టు మేరీ సుగుణ గారమ్మాయి వచ్చి సుభద్రకి వడ్డించేటట్టు ఏర్పాటు చేశారు. ఆవిడ నాలుగు మెతుకులు కతికి కంచం తోసేస్తోందని ఆ పిల్ల చెప్పింది. గవర్రాజు ఒక అర్జీ పెట్టుకున్నాడు. తన ఇల్లు ఆఫీసుకి ఎదురుగా ఉన్నదనీ, డబ్బా చుట్టూ తిప్పుతున్నదనీ, తనని కాలినడకన రోడ్డు దాటనివ్వాలనీ విన్నవించుకున్నాడు.

జవాబు త్వరగానే వచ్చింది. "తమరి అర్జీని, పరికరము నమోదు చేసిన దూరమును సరిచూడడమైనది. తమరు కార్యాలయమునకు మిక్కిలి దూరములో నివసించుచున్నట్లు తేలినది. క్వార్టరు, కార్యాలయ సమీపమున నివసించువారికి మాత్రమే ఉద్దేశింపబడినది. ఇంతకాలము సమీపమున ఉన్నట్లు నటించినందుకు సంజాయిషీ ఇచ్చుకొని, నెల లోపల క్వార్టరు ఖాళీ చేయవలసినది."

గవర్రాజు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంచం మీంచి లేవలేని మనిషిని పట్టుకుని కొత్త ఇంటికోసం ఎక్కడ తిరుగుతాడు? ఆ సాయంత్రం సుభద్రకి చెప్పలేదు. చెప్పకుండానే ఆవిడకి తెలిసిపోయింది, మొహం చూసి.

ఆ వారంలో డబ్బాల బాగోగులు చూడడానికి హిమబిందు వచ్చింది. గవర్రాజు ఆమెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అవతల కూర్చున్న సుభద్రని చూపించాడు. ఆ అమ్మాయి కాసేపు చూసి, తన తల్లి గుర్తొచ్చిందో ఏమో, గొంతు తగ్గించింది.

"నడకదారి పెట్టడం నా చేతిలో లేదండి. కాని ఆఫీసు గుర్తుని కాస్త జరపగలను. రోడ్డుకి మీ వైపు పెట్టేస్తే, మీరు గేటు బయటికి రాగానే చేరిపోయినట్టే. ఆపైన సందు దాటినా అది అరవదు. మధ్యాహ్నమూ అంతే. మిగతావాళ్ళకి ఆఫీసు ఎక్కడుందో తెలుసు కదా, అక్కడే దిగుతారు."

గవర్రాజు కూడా అలాగే అనుకున్నాడు. పాతికేళ్ళుగా వస్తున్న ఆఫీసు ఎక్కడుందో మనుషులకి తెలియకుండా ఎలా పోతుందని ఎవరనుకుంటారు?

మర్నాడు పొద్దున్న సుభద్రకి కాఫీ కలుపుతుంటే గేటు చప్పుడైంది. నూకరాజు లోపలికి వచ్చాడు. అతని మెడలో డబ్బా "గమ్యస్థానము చేరితిరి" అంది. అతని వెనక టైపిస్టు మేరీ సుగుణ వచ్చింది. ఆమె వెనక మిగతావాళ్ళు. ఒక్కొక్కరూ గేటు దాటుతుంటే ఒక్కొక్క డబ్బా అదే మాట అంటోంది. చివర పరాంకుశం గారి జీపు ఆగింది.

ఆయన హాల్లో నిలబడి చుట్టూ చూశారు. కిటికీలోంచి అవతల తన ఆఫీసు బోర్డు స్పష్టంగా కనిపిస్తోంది. దాన్నీ చూశారు.

"ఆఫీసు అక్కడుందండి" అన్నాడు గవర్రాజు.

"ఉండేది" అన్నారు పరాంకుశం గారు, గవర్రాజు పడక్కుర్చీలో కూర్చుంటూ.

సాయంత్రానికి బీరువాలు వచ్చేశాయి. వంటగదిలో టైపు మిషన్లు, వసారాలో నూకరాజు స్టూలు, హాలు నిండా అధికారి. సుభద్ర మంచం చుట్టూ పాత ఫైళ్ళు పేర్చారు. నిజం చెప్పాలంటే గవర్రాజుకి ఆ నాలుగు రోజులూ పండగలాగే గడిచాయి. ఒంటిగంటకి లేచి, రెండు గదులు దాటి, భార్య ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. ఫైళ్ళ మధ్య కూర్చుని సుభద్ర రెండోసారి కూర వేయించుకుంది.

అయిదో రోజున పరాంకుశం గారు ఆవిణ్ణి గమనించారు.

"ఆవిడెవరు?"

"మా ఇంటావిడండి. ఇది మా ఇల్లండి."

"కార్యాలయములో కుటుంబసభ్యులు నివసించరాదు. అయినా మీరీపాటికి ఖాళీ చెయ్యాలి కదా." కాని ఆయన కఠినుడు కారు. కాసేపు ఆలోచించి అన్నారు. "కార్యాలయానికి దగ్గర్లో ప్రభుత్వ భవనం ఒకటి ఖాళీగా ఉంది. బాగా గాలీ వెలుతురూ వస్తాయి. మీకు కేటాయిస్తాను."

ఆ భవనం ఏదో వేరే చెప్పక్కర్లేదు. సుభద్రని అంబులెన్సులో ఎక్కించి, పంచదార ఫ్యాక్టరీ అవతల ఫ్లైఓవరు కింద నుంచి తిప్పి తీసుకొచ్చి, ఎదురుగా దించారు. ఆవిడ మంచం పరాంకుశం గారి పాత గదిలో వేశారు. కుర్చీ మాత్రం గవర్రాజు బల్ల ఉండే చోట, కిటికీ దగ్గర పెట్టించుకుంది.

ఇక గవర్రాజు తన ఆఫీసులో పడుకుని, పొద్దున్నే లేచి, ఊరంతా తిరిగి, తన ఇంటికి ఉద్యోగానికి పోతున్నాడు. ఒంటిగంటకి తన ఇంటి కిటికీలో నిలబడితే, తన ఆఫీసు కిటికీలో సుభద్ర కనిపిస్తోంది. కొత్త చోటు సుగుణ గారమ్మాయికి రోడ్డవతలయింది. ఆ పిల్ల రావడం మానేసింది.

మొదటి రోజు సాయంత్రం గవర్రాజు ఇంటికి చేరేసరికి గిన్నెల మీద మూతలు మూతలుగానే ఉన్నాయి. సుభద్ర కిటికీ దగ్గరే కూర్చుని ఉంది.

"తినలేదేం?"

"వడ్డించుకోడానికి లేవలేను కదండీ. ఫోను చేస్తే మీరు కంగారు పడతారని చెయ్యలేదు."

గవర్రాజుకి ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. ఆ డబ్బాకి సంతకం పెట్టింది తన చెయ్యే, అదీ ఆవిడ దగ్గరికి తొందరగా పోవాలని. ఆ రాత్రి ఇద్దరూ కలిసి చల్లారిన అన్నమే తిన్నారు.

మర్నాడు ఒంటిగంటకి గవర్రాజు లేచి, గేటు దాటి, తిన్నగా రోడ్డు మీదకి నడిచాడు.

"మార్గము తప్పితిరి. వెనుకకు మరలుము" అంది డబ్బా.

కంచె సందులోంచి అవతలికి దిగాడు. "వెనుకకు మరలుము." గుమ్మం ఎక్కాడు. "వెనుకకు మరలుము." సుభద్రకి వడ్డించి, ఎదురుగా కూర్చుని కలుపుకుంటుంటే కూడా అదే పాట. సుభద్ర ఎడం చెయ్యి చాపింది.

"ఓసారిలా ఇవ్వండి దాన్ని."

పక్కనే ఉన్న స్టీలు బియ్యం డబ్బా మూత తీసి, పరికరాన్ని బియ్యంలో పాతేసి, మూత గట్టిగా బిగించింది. నిశ్శబ్దమైపోయింది. ఇద్దరూ మజ్జిగ దాకా తిన్నారు. రెండింటికి గవర్రాజు మళ్ళీ సందు దాటి వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. డబ్బా సంగతి మరిచిపోయాడు. మరిచిపోలేదని సుభద్ర ఇప్పటికీ అంటుంది.

బియ్యంలో ఉన్నదాన్ని ఉపగ్రహం చూడలేదు. పరాంకుశం గారి తెర మీద ఒక చుక్క తక్కువైంది. గంట కొట్టి గవర్రాజుని పిలిచారు.

"ఒక ఉద్యోగి తప్పిపోయాడు. ప్రకటన రాయాలి. రాసుకోండి."

గవర్రాజు కాగితం తీసుకున్నాడు. "ఎవరండి?"

ఆయన తెర మీద చూసి చెప్పారు. "పి. గవర్రాజు, సీనియర్ సహాయకుడు."

గవర్రాజు కలం ఆగింది. "నేనిక్కడే ఉన్నానండి."

"మీరిక్కడ ఉన్నట్టు ఆధారం ఏది?" అన్నారు పరాంకుశం గారు శాంతంగా. "మీకు తోచింది మీరు చెబుతారు, నాకు తోచింది నేను చెబుతాను. అది శాఖ ఒప్పుకోదు. రాయండి. మధ్యాహ్నం ఒంటిగంట వేళ కార్యాలయము నుండి బయల్దేరి, మార్గము తప్పి అదృశ్యమైనాడు. ఆనవాళ్ళు ఏమిటి?"

గవర్రాజు తల తడుముకున్నాడు. "బట్టతలండి."

"ఇంకా?"

"భార్యంటే ఇష్టమండి."

"అది ఆనవాలు కాదు. బట్టతల చాలు." ఆయన వేళ్ళు బల్ల మీద వాయించారు. "వెతకడానికి ఒక సంఘం వెయ్యాలి. తప్పిపోయినవాణ్ణి బాగా ఎరిగిన మనిషి అధ్యక్షుడిగా ఉండాలి. మీకు అతను బాగా తెలుసా?"

"కొంతవరకు తెలుసండి."

"మీరే అధ్యక్షులు. అతను ఒంటిగంటకి మాయమయ్యాడు గనుక, రోజూ ఒంటిగంట నుంచి వెతకాలి. దొరికేదాకా వెతకాలి. దొరికేవరకూ అతను ప్రయాణంలో ఉన్నట్టే లెక్క, జీతం ఆగదు."

గవర్రాజు లేచి, గుమ్మం దాకా వెళ్ళి, ఆగాడు. ఇన్నాళ్ళ ఉద్యోగంలో అతను శాఖ భాష నేర్చుకోకపోలేదు.

"ఒక సందేహమండి. వెతకడానికి వెళ్ళేటప్పుడు పరికరం వేసుకోవాలాండి?"

పరాంకుశం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. డబ్బాకి ముందు గమ్యం చెప్పాలి. తప్పిపోయినవాడు ఎక్కడున్నాడో తెలిస్తే వెతకనక్కర్లేదు. ఎక్కడున్నాడో తెలియకపోతే డబ్బాకి ఏం చెబుతారు?

"అక్కర్లేదు" అన్నారు చివరికి. "వెతికేవాడు తనకి తోచిన దారిన పోవచ్చు. ఉత్తర్వు ఇస్తాను."

అప్పటి నుంచి ఒంటిగంట కాగానే నూకరాజు గేటు తీసి పట్టుకుంటాడు. గవర్రాజు ప్రభుత్వ విధి మీద బయటికి వచ్చి, కంచె సందు దాటి, అవతలికి పోతాడు. వసారాలో నిలబడి చూసే పరాంకుశం గారికి ఎదుటి కిటికీలో బట్టతల మనిషొకడు భార్యకి వడ్డిస్తూ కనిపిస్తాడు. ఆయన దాన్ని పట్టించుకోరు. తెర మీద అక్కడ చుక్క లేదు.

"ఇవాళైనా దొరికారా?" అని అడుగుతుంది సుభద్ర.

"ఇంకా లేదు."

"అసలు వెతుకుతున్నారా?"

"వెతుకుతూనే ఉన్నాను. ఇంకాస్త పప్పు వెయ్యి."

రెండింటికి అతను తిరిగి వెళ్ళి, సంఘాధ్యక్షుడి హోదాలో ఒక వాక్యం రాసి పరాంకుశం గారి బల్ల మీద పెడతాడు. నేడు కూడా క్షుణ్ణముగా వెదకడమైనది, సదరు ఉద్యోగి జాడ తెలియలేదు, రేపు కూడా వెదకవలసియున్నది. ఆయన చదివి, తృప్తిగా తల ఊపి, సంతకం పెడతారు.